రోడ్డు పాఠం రోడ్డు దగ్గరే

గత ఏడాది మా ఖర్చుల పట్టికలో ‘పిల్లలకు రోడ్డు భద్రత’ అనే పద్దు ఒకటి ఉంది. ఆ పద్దు కింద రంగుల చార్టులు కొన్నాం, బొమ్మల పుస్తకాలు అచ్చు వేయించాం, బస్తీ బడుల్లో ఒక పూట క్విజ్ పెట్టి, గెలిచిన పిల్లలకు స్కూలు బ్యాగులు ఇచ్చాం. ఆ డబ్బు మీరిచ్చిందే. అది ఎంతవరకు పనికొచ్చిందో మీకు చెప్పాల్సిన బాధ్యత మా మీద ఉంది. ఉన్నమాట చెప్పాలంటే, పెద్దగా పనికి రాలేదు.

ఆ క్విజ్‌లో రెండో తరగతి అమ్మాయికి మొదటి బహుమతి వచ్చింది. రోడ్డు దాటేముందు ఏం చేయాలంటే ఆగాలి, కుడివైపు చూడాలి, ఎడమవైపు చూడాలి, మళ్ళీ కుడివైపు చూడాలి అని గడగడా చెప్పేసింది. సభలో అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత పది రోజులకు ఒక సాయంత్రం కొండాపూర్ వైపు వెళ్ళే రోడ్డుకు అవతల వాళ్ళ అబ్బా ఆటో దిగి “బేటీ!” అని పిలిచాడు. మేమిచ్చిన బ్యాగు భుజాన వేసుకునే ఆ పిల్ల పరుగు తీసింది. ఆగలేదు, కుడి చూడలేదు, ఎడమ చూడలేదు. నీళ్ళ ట్యాంకరు నడిపే ఆయన బ్రేకు తొక్కి నిలబడ్డాడు. అల్‌హమ్దులిల్లాహ్, మోకాలు గీరుకుపోవడంతో సరిపోయింది. మర్నాడు మా ఆపా ఒకరు ఆ పిల్లను దగ్గర కూర్చోబెట్టుకుని, “పాఠం మరిచిపోయావా అమ్మా?” అని అడిగారు. “మరిచిపోలేదు ఆపా, అది స్కూల్లో కదా” అంది.

ఆ ఒక్క మాట మమ్మల్ని మళ్ళీ మొదటికి తెచ్చింది. పిల్ల తప్పేమీ చెప్పలేదు. మేము పాఠం చెప్పింది స్కూల్లో, పరీక్ష పెట్టింది స్కూల్లో, మార్కులు వేసిందీ స్కూల్లోనే. రోడ్డుకు ఆ పాఠంతో సంబంధం ఉందని ఆ వయసు పిల్లకు ఎవరు చెప్పారు?

ఆ తర్వాత ఈ విషయం మీద ఇతర దేశాల్లో ఏం జరిగిందో తెలుసుకునే ప్రయత్నం చేశాం. చదివిన కొద్దీ మేము చేసిన పొరపాటు చాలా పాతదని అర్థమైంది. స్వీడన్‌లో స్టినా సాండెల్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960ల్లోనే చిన్నపిల్లల్ని రోడ్ల మీద గమనించి, దాదాపు పదేళ్ళ లోపు పిల్లల్ని ట్రాఫిక్‌కు తగ్గట్టు పూర్తిగా మలచడం సాధ్యం కాదని తేల్చారు. పిల్లలు మాట విననందువల్ల కాదు, వాళ్ళ చూపు, వినికిడి, ధ్యాస ఇంకా ఎదుగుతూనే ఉంటాయి కాబట్టి. బ్రిటన్‌లో జేమ్స్ థామ్సన్, ఆయన సహచరులు చేసిన పరిశీలన ఇంకా ఆసక్తికరం. రోడ్డు దాటడానికి ఏది మంచి చోటు అని అయిదు నుంచి ఏడేళ్ళ పిల్లల్ని అడిగితే, ఎక్కువమంది రెండే విషయాలు చూశారు: కంటికి కారు కనబడుతోందా లేదా, వెళ్ళాల్సిన చోటికి దగ్గర దారి ఏది. మలుపు దగ్గర, ఆపి ఉన్న వాహనాల మధ్య కారు కనబడదు కాబట్టి అదే భద్రమైన చోటని వాళ్ళు అనుకున్నారు. మనకు ప్రమాదంగా కనిపించేది వాళ్ళకు ధైర్యంగా కనిపిస్తుందన్నమాట.

లండన్ రాయల్ హాలోవే కళాశాల పరిశోధకులు 2011లో మరో సంగతి బయటపెట్టారు. ఎదురుగా వస్తున్న వాహనం గంటకు సుమారు 32 కిలోమీటర్ల వేగం దాటిందంటే, ప్రాథమిక పాఠశాల వయసు పిల్లలకు అది తమవైపు వస్తున్నట్టు నమ్మకంగా పసిగట్టడం కష్టమవుతుంది. బండి నిలబడి ఉన్నట్టో, నిదానంగా వస్తున్నట్టో అనిపిస్తుంది. మా బస్తీల పక్క రోడ్ల మీద 32లో వెళ్ళే బండి ఎక్కడుంది? ట్రాఫిక్ జామ్ అయినప్పుడు తప్ప.

ఈ ప్రాంతం సంగతి మీకు కొత్తగా చెప్పేదేమీ లేదు. 1998 నవంబర్ 22న సైబర్ టవర్స్ ప్రారంభమయ్యేనాటికి మాదాపూర్, కొత్తగూడ, ఖానామెట్, కొండాపూర్ ఊళ్ళే. అక్కడి పిల్లలు పొలం గట్ల మీదుగా, రాళ్ళ గుట్టల పక్కనుంచి బడికి వెళ్ళేవాళ్ళు. బళ్ళు ఎక్కడికీ కదలలేదు. మసీదులూ కదలలేదు. వాటి ముందున్న బాట మాత్రం వెడల్పై, వందడుగుల రోడ్డై, మధ్యలో డివైడరు లేచి, పైన ఫ్లైఓవరు వచ్చి, ఆఫీసు క్యాబులతో, కంపెనీ బస్సులతో, రెడీమిక్స్ లారీలతో, ఆర్డరు అందించే కుర్రాళ్ళ బైకులతో నిండిపోయింది. విద్యాహక్కు చట్టం కింద ప్రాథమిక పాఠశాల ఇంటికి కిలోమీటరు దూరంలోనే ఉండాలి. ఉంది కూడా. ఆ కిలోమీటరు మధ్యలో ఆరు వరుసల రోడ్డు వస్తే ఏం చేయాలో చట్టంలో రాయలేదు.

ఒక చిన్న లెక్క చూడండి. మీలో చాలామంది లెక్కలతో పనిచేసేవాళ్ళే. ఒక వరుస వెడల్పు మూడున్నర మీటర్లు. డివైడరుకు ఇవతల మూడు వరుసలుంటే పదిన్నర మీటర్లు. బరువు బ్యాగు మోసే ఏడేళ్ళ పిల్ల సెకనుకు మీటరు చొప్పున నడిస్తే దాటడానికి పది సెకన్లు దాటుతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఆ సమయంలో సుమారు 145 మీటర్లు వచ్చేస్తుంది. అంటే పిల్ల అడుగు వేసేటప్పుడు కారు నూట నలభై మీటర్ల అవతల ఉంటేనే సురక్షితం. అంత దూరం మలుపుల్లో, ఫ్లైఓవరు స్తంభాల చాటున, ఆపి ఉంచిన వ్యాన్ల వెనుక నుంచి పెద్దవాళ్ళకే కనబడదు. పైగా మనవైపు చాలా కూడళ్ళలో సిగ్నల్ తీసేసి యూటర్న్‌లు పెట్టారు. బండ్లకు అది హాయి. కాలినడకన వెళ్ళేవాళ్ళకు మాత్రం వాహనాలు ఆగే క్షణమే లేకుండా పోయింది. ‘రోడ్డు ఖాళీ అయ్యేదాకా ఆగు’ అని మా చార్టు మీద రాసిన వాక్యం పాటిస్తే పిల్ల సాయంత్రం దాకా అక్కడే నిలబడాలి.

ఇప్పుడు ఎలా నేర్పుతున్నాం

1990లలో స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరంలో డ్రమ్‌చాపెల్ అనే పేదల కాలనీలో ఒక ప్రయోగం జరిగింది. దాని పేరు కర్బ్‌క్రాఫ్ట్. అయిదు నుంచి ఏడేళ్ళ పిల్లల్ని ఇద్దరు ముగ్గురు చొప్పున వాళ్ళ పేటలోని తల్లిదండ్రులే నిజమైన రోడ్ల పక్కకు తీసుకెళ్ళి నేర్పారు. మూడే నైపుణ్యాలు: దాటడానికి మంచి చోటు ఎంచుకోవడం, ఆపి ఉన్న వాహనాల దగ్గర దాటడం, కూడళ్ళ దగ్గర దాటడం. నిపుణులు కాని తల్లిదండ్రులు నేర్పినా పిల్లల నడవడి మెరుగుపడింది. ఆ కాలనీ గురించి చదువుతున్నప్పుడు మాకు మన బస్తీలే కళ్ళముందు కదిలాయి. ఖర్చు లేదు, కావలసింది మనుషులు, ఓపిక.

మేము దాన్ని మన రోడ్లకు తగ్గట్టు మార్చుకున్నాం. మొదటి పాఠం పిల్లలకు కాదు, నేర్పే పెద్దలకు. ఆపి ఉన్న కారు వెనుక వాళ్ళను గొంతుక్కూర్చోమంటాం. అంతే. ఇరవై ఏళ్ళుగా కారు నడుపుతున్న మా సభ్యుడొకరు అలా కూర్చుని చూసి, “ఇక్కడి నుంచి రోడ్డే కనబడట్లేదు కదా భాయ్!” అన్నారు. పిల్లకు రోజూ కనబడేది అదే. డ్రైవరుకు పిల్లా కనబడదు.

పిల్లలతో మాకు మొదట ఎదురైన చిక్కు కుడి, ఎడమలు. ఒకటి, రెండు తరగతుల వాళ్ళలో చాలామందికి అవి స్థిరంగా తెలియవు. చార్టులో బాణం గుర్తు ఉంటే చెబుతారు, రోడ్డు మీద తికమక పడతారు. మక్తబ్‌లో ఖురాన్ నేర్పే ఆపా దీనికి చక్కని ఉపాయం చెప్పారు: “బిస్మిల్లా అని అన్నం తినే చెయ్యి ఏదో, ముందు అటు చూడాలి.” మన దేశంలో బండ్లు ఎడమవైపు నడుస్తాయి కాబట్టి మనకు దగ్గరగా వచ్చే బండి కుడివైపు నుంచే వస్తుంది. తినే చెయ్యి వైపు, రెండో చెయ్యి వైపు, మళ్ళీ తినే చెయ్యి వైపు. ఆ రోజు నుంచి ఎవరూ తప్పలేదు.

రెండో చిక్కు ఇంకా గట్టిది. పిల్లలు తల తిప్పుతారు కానీ చూడరు. మెడ మాత్రం బొమ్మలా అటూ ఇటూ ఆడుతుంది. అందుకని చూసింది పైకి చెప్పమన్నాం. “ఎర్ర కారు, దూరంగా ఉంది. బైకు, దగ్గరికొచ్చేసింది. తెల్ల బస్సు, ఆగింది.” నోటితో చెప్పాలంటే కళ్ళు చూడాల్సిందే. ఇలా చెబుతూంటే వాళ్ళకి అది ఆటలా ఉంటుంది, మాకేమో ఎవరు ఏం గమనించడం లేదో తెలిసిపోతుంది. బ్యాటరీ స్కూటర్లు చప్పుడు చేయవు కాబట్టి చెవిని నమ్ముకోకూడదని కూడా ఇక్కడే చెబుతాం.

పుస్తకాల్లో లేని పాఠం ఒకటుంది: రాంగ్ రూట్‌లో వచ్చే బైకు. డివైడరు ఉన్న రోడ్డు మీద ఇవతలి సగంలో కుడివైపు నుంచే బండ్లు రావాలి. మన దగ్గర అలా ఉండదు. యూటర్న్ దూరమని ఎదురు వచ్చేవాళ్ళు రోడ్డు అంచునే, పిల్లలు నిలబడే చోటే వస్తారు. కాబట్టి ఎక్కడైనా, ఎప్పుడైనా రెండువైపులా చూడాల్సిందే అని నేర్పుతున్నాం. చట్టం ప్రకారం నడవని రోడ్డు మీద చట్టం ప్రకారం నేర్పితే పిల్ల బలైపోతుంది. ఇది రాయడానికి మాకే సిగ్గుగా ఉంది.

ఫుట్‌పాత్ ఉన్నచోట దాని అంచే ఆగాల్సిన చోటు. మా బస్తీల దగ్గర ఫుట్‌పాత్ ఉంటే దాని మీద ఇసుక కుప్పో, బండ్లో, టిఫిన్ బండో ఉంటుంది. అందుకని సుద్దతో ‘ఆగే గీత’ గీస్తున్నాం. దారిలో వాహనాలు ఆపి ఉంటే రెండు గీతలు. మొదటి గీత ఆపి ఉన్న కారు దగ్గర: లోపల డ్రైవరున్నాడా, ఇంజిను నడుస్తోందా చూడాలి. రెండోది కారు బయటి అంచు దగ్గర: అక్కడ మళ్ళీ ఆగి, మళ్ళీ చూసి, అప్పుడే అడుగు. ఈ రెండో గీత దగ్గర ఆగడం అలవాటు కావడానికే ఎక్కువ రోజులు పట్టింది. మొదటి గీత దాటగానే పని అయిపోయిందనుకుంటారు.

ఆటోల్లో వచ్చే పిల్లలకు ఎడమవైపే దిగాలని, ఆటో కదిలి వెళ్ళిపోయాక కానీ రోడ్డు దాటకూడదని చెబుతున్నాం. ఫుట్‌పాత్ లేని చోట ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా కుడి అంచున నడవాలి. ఇవి తొందరగానే వచ్చేశాయి.

తొమ్మిది పదేళ్ళు నిండేదాకా పెద్ద రోడ్డు ఒంటరిగా దాటవద్దని మాత్రం తల్లిదండ్రులకు ఖచ్చితంగా చెప్పేశాం. మా శిక్షణ పూర్తయినా సరే. మా శిక్షణ పిల్లకు లైసెన్సు కాదు. ఎనిమిదేళ్ళ అక్క చేతిలో అయిదేళ్ళ తమ్ముణ్ణి పెట్టి పంపే ఇళ్ళు చాలా ఉన్నాయి. తల్లి ఇళ్ళలో పనికి తెల్లవారకముందే వెళ్ళిపోతే ఇంకెవరు తీసుకెళ్తారు? ఆ ప్రశ్నకు ఉపన్యాసం జవాబు కాదు. నలుగురైదుగురు ఇళ్ళవాళ్ళు కలిసి వంతులవారీగా ఒకరు అందరి పిల్లల్ని నడిపించుకెళ్ళే ఏర్పాటు రెండు గల్లీల్లో మొదలైంది. మూడో గల్లీలో కుదరలేదు, ఇంకా ప్రయత్నిస్తున్నాం.

పెద్దలకు చెప్పిన మూడు మాటలు

పిల్లను రోడ్డు అవతలి నుంచి పిలవకండి. మీరే ఇటు దాటి రండి. ట్యాంకరు ఘటన తర్వాత ప్రతి తల్లిదండ్రుల సమావేశంలో మేము మొదట చెప్పే మాట ఇదే. అబ్బా, అమ్మీ కనబడితే పిల్లకు మధ్యలో ఉన్న రోడ్డు కనబడదు.

చెయ్యి పట్టుకున్నప్పుడు వేళ్ళు కాదు, మణికట్టు పట్టుకోండి. బండ్లు వచ్చే వైపు మీరు ఉండండి.

రమజాన్ నెల సాయంత్రాల గురించి ప్రత్యేకంగా జాగ్రత్త పడండి. మగ్రిబ్‌కు ముందు పది నిమిషాలు ఎలా ఉంటుందో మనకు తెలుసు. పిల్లలు ఇఫ్తార్ పళ్ళాలు పట్టుకుని మసీదుకు పరుగెడతారు. ఉపవాసంతో అలసిపోయి ఇంటికి చేరాలనే తొందరలో పెద్దలు బండి నడుపుతారు. ఆఫీసులు వదిలేదీ అప్పుడే. వెలుతురు సగం పోయి ఉంటుంది. నల్లని బురఖాలో ఉన్న తల్లి, పక్కన ముదురు రంగు కుర్తాలో ఉన్న పిల్లవాడు ఆ వేళ డ్రైవరు కంటికి చాలా ఆలస్యంగా పడతారు. దుస్తులు మార్చుకోమని మేమెవరికీ చెప్పడం లేదు. లైటు పడగానే మెరిసే టేపు ముక్కలు బ్యాగుకు, టోపీకి, తల్లి చేతి సంచికి కుట్టి ఇస్తున్నాం. మా మహిళా విభాగం వాళ్ళు ఒక ఆదివారం కూర్చుని ఆ పని చేశారు. గత ఏడాది మొత్తం చార్టుల కంటే ఆ టేపు చుట్టలే ఎక్కువ పనికొచ్చాయని మా అభిప్రాయం.

పాఠంతో తీరనిది

ఇంత చెప్పాక ఒక విషయం దాచడం న్యాయం కాదు. పాదచారుల భద్రతా శిక్షణ మీద ప్రపంచంలో జరిగిన పరీక్షలన్నిటినీ కాక్రేన్ సంస్థ తరఫున పరిశోధకులు 2002లో ఒకచోట చేర్చి చూశారు. శిక్షణ వల్ల పిల్లల తెలివిడి, నడవడి మెరుగుపడతాయని తేలింది. దాని వల్ల ప్రమాదాలు తగ్గాయా అన్నదానికి మాత్రం రుజువు దొరకలేదు. కాబట్టి మా శిక్షణతో ఇన్ని ప్రాణాలు నిలిచాయని మీ ముందు లెక్క పెట్టలేం. పెడితే అది అబద్ధమవుతుంది.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్ళలో 32,825 మంది కాలినడకన ఉన్నవాళ్ళు. వీళ్ళందరూ కుడి ఎడమలు చూడకుండానే అడుగు వేశారా? 2019 నవంబర్ 23న గచ్చిబౌలి బయోడైవర్సిటీ ఫ్లైఓవరు మీది నుంచి కారు కిందపడినప్పుడు కింద రోడ్డు పక్కన నిలబడి ఉన్న ఒక మహిళ ప్రాణం పోయింది. ఆమె చేసిన తప్పేమిటి? వేగంగా నడిపేవాడికి చెప్పాల్సిన పాఠాన్ని మనం ఏడేళ్ళ పిల్లకు చెబుతున్నాం. 50 కిలోమీటర్ల నుంచి 65కు వేగం పెరిగితే, కారు ఢీకొన్న పాదచారి చనిపోయే ప్రమాదం నాలుగున్నర రెట్లు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లలు, నడిచేవాళ్ళు ఎక్కువగా తిరిగే చోట్ల గరిష్ఠ వేగం 30 దాటకూడదని 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్‌లో జరిగిన ప్రపంచ మంత్రుల సమావేశం ప్రకటించింది. 2025 మే నెలలో మన సుప్రీంకోర్టు ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని చెప్పింది.

ఈ ఆధారాలన్నీ జతచేసి బడి ముందు జీబ్రా గీతలు, వేగం తగ్గించే గట్లు వేయమని, ఫుట్‌పాత్ ఖాళీ చేయించమని దరఖాస్తు ఇచ్చాం. రసీదు ఇచ్చారు. రెండుసార్లు కొలతలు తీసుకెళ్ళారు. గీతలు ఇంకా పడలేదు. మళ్ళీ వెళ్తాం. ఈసారి బడి ప్రధానోపాధ్యాయులు, పక్క బస్తీల వాళ్ళు, గుడి కమిటీ పెద్దలు కూడా సంతకాలు చేశారు. ఆ రోడ్డు దాటేది మన పిల్లలొక్కరే కాదు కదా.

గీతలు పడేదాకా మన చేతిలో ఉన్నది మనం చేయాలి. దారిలోంచి జనానికి హాని చేసేదాన్ని తొలగించడం సదఖాయేనని దైవప్రవక్త (సఅసం) బోధించారు. అది రాయి, ముల్లు అని మనం చెప్పుకుంటాం. మా మసీదు ఇమామ్ సాబ్ ఒక జుమా నాడు, బడి గేటుకు అడ్డంగా ఆపిన కారు కూడా ఆ లెక్కలోకే వస్తుందని అన్నారు. ఆ మాటకు వెనుక వరుసలో కొందరు తలలు దించుకున్నారు. మా కార్యవర్గ సభ్యులు ఇద్దరు కూడా ఆ వరుసలో ఉన్నారు.

అందుకే ఈసారి మిమ్మల్ని అడిగే సాయం కొంచెం వేరుగా ఉంది. డబ్బు రూపంలో కావలసింది కొద్దే: సుద్దముక్కలు, మెరిసే టేపు, నేర్పేవాళ్ళు తొడుక్కునే రంగు జాకెట్లు. మీలో కంపెనీలు నడిపేవాళ్ళు, క్యాబులు పెట్టుకున్నవాళ్ళు ఉన్నారు. మీ డ్రైవర్లకు బడి వేళల్లో ఆ రోడ్ల మీద 30 దాటవద్దని ఒక మాట చెప్పండి. ఇంట్లో లైసెన్సు లేని అబ్బాయికి బైకు తాళం ఇవ్వకండి. 2019 సవరణ తర్వాత మైనరు నేరానికి సంరక్షకుడికే మూడేళ్ళ దాకా జైలు, పాతికవేల జరిమానా పడతాయి. ప్రమాదం చూస్తే ఆగి సాయం చేయండి. సాయపడిన వాళ్ళను వేధించకుండా అదే సవరణ చట్టం కాపాడుతుంది.

అన్నిటికంటే ఎక్కువ కావలసింది మనుషులు. వారంలో ఒక రోజు, బడి వదిలే వేళకు ముప్పావు గంట. ఒక్కొక్కరికి ముగ్గురు పిల్లలు. మొదటి రోజు కారు వెనుక గొంతుక్కూర్చోవాలి కాబట్టి మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు కుర్చీ వేస్తాం. మంగళ, గురువారాలకు మనుషులు సరిపోయారు. సోమ, బుధవారాలు ఖాళీగా ఉన్నాయి. శుక్రవారం జుమా తర్వాత మసీదు వరండాలో పేర్లు రాసుకుంటాం, కార్లు మాత్రం వెనుక మైదానంలో ఆపి రండి.